కొత్త కాడి

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. వ్యవసాయ యంత్రాలను గురించిన రచనలు సాధారణంగా పొలం దున్నడంతో మొదలై అక్కడే ముగుస్తాయి. కాని రైతు సంసారం పొలంతో ముగియదు. ఇల్లు, దొడ్డి, పశువుల పాక, గడ్డిమేటు, కొబ్బరి తోట, పంట బోదె, ఊరి పుంత – ఇవన్నీ కలిసినదే రైతు సంసారం. గోదావరి డెల్టాలోని చిన్న కమతాలలో చిన్న ట్రాక్టరు ఏడాది పొడవునా చేసే నిత్యకృత్యాలను ఈ వ్యాసం వివరిస్తుంది. యంత్రం వల్ల కలిగిన మేలును, అది మిగిల్చిన ప్రశ్నలను సమదృష్టితో పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సంస్కృత భాషలో ‘కృష్’ అనే ధాతువుకు లాగుట, దున్నుట అని రెండర్థాలు ఉన్నాయి. కృషి, కర్షణం, కర్షకుడు అనే పదాలు ఈ ధాతువు నుండి పుట్టినవే. మనస్సును తనవైపు లాగుకొనే గుణానికి ఆకర్షణ అనే పేరు వచ్చింది కూడా ఇందువల్లనే. ఐరోపా ప్రాచీన భాషలలో ఒకటైన లాటిన్‌లో ‘ట్రాహెరె’ అంటే లాగుట. ట్రాక్టరు అనే మాటకు అది మూలం. వేరు వేరు ఖండాలలో, వేరు వేరు భాషలలో పుట్టిన కర్షకుడు, ట్రాక్టరు అనే రెండు పదాలలోనూ లాగుట అనే అర్థమే ఉండడం గమనింపదగిన విశేషం.

మన పురాణాలు కర్షణాన్ని ఎంతో గౌరవించాయి. బలరాముడు నాగలినే ఆయుధంగా ధరించి హలాయుధుడైనాడు. యాగభూమిని దున్నుతున్న జనక మహారాజుకు నాగటి చాలులో దొరికిన బిడ్డ సీత. ‘సీత’ అనే మాటకు నాగటి చాలు అనియే అర్థం. ఇంత ప్రాచీనమైన వృత్తిలోకి ట్రాక్టరు నిన్న మొన్న ప్రవేశించింది. దానిని రైతుకు పోటీదారుగా కాక, కాడికి కట్టిన కొత్త ఎద్దుగా భావించడం సముచితం. అయితే ఎద్దును మేపడం, అదిలించడం, దాని బలాన్ని ఎరిగి బరువు వేయడం తెలిసినవాడే సేద్యగాడనిపించుకున్నాడు. కొత్త ఎద్దు విషయంలోనూ అంతే.

డెల్టా నేల – చిన్న కమతం

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి, ఒండ్రుమట్టి నింపుకుంటూ సముద్రం వైపు సాగిపోతుంది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఈ ప్రాంతాన్ని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా వ్యవస్థీకరించింది. ఆ పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తయింది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఉభయ గోదావరి జిల్లాల సరిహద్దులు మారినా, కాలువలు కలిపిన ఈ డెల్టా ఒక్కటే. ఇక్కడి రైతు సార్వా, దాళ్వా అని రెండు వరి పంటలు పండిస్తాడు. పశ్చిమ డెల్టాలోని మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో అందించిన ‘స్వర్ణ’, 2000లో అందించిన ఎం.టి.యు. 1010 రకాలు దేశమంతటా పేరు పొందాయి. ఎం.టి.యు. 1010కి ‘కాటన్‌దొర సన్నాలు’ అని పేరు పెట్టడం ఆ ఇంజనీరు పట్ల ఈ నేల చూపిన కృతజ్ఞతకు నిదర్శనం.

రెండు పంటలు పండే చోట తీరిక తక్కువ. దాళ్వా కోతకు, సార్వా ఊడ్పుకు నడుమ ఉన్న కొద్ది వారాలలోనే ఎరువు తోలాలి, దుక్కి చేయాలి, గట్లు సరిచేయాలి. ‘అదనెరిగి సేద్యం, పదనెరిగి పైరు’ అన్న లోకోక్తి ఇక్కడ అక్షరసత్యం. మరొకవైపు కమతాలు తరతరానికీ పంపకాలతో చిన్నవవుతున్నాయి. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. కమతాలలో నూటికి ఎనభైఆరు రెండు హెక్టార్లకు లోపువే. పెద్ద ట్రాక్టరు తిరగడానికి చోటు చాలని మడులు, లోతు బురదలో దాని బరువుకు కుంగిపోయే నేల, కొబ్బరి చెట్ల నడుమ ఇరుకు దారులు – ఇవి చిన్న ట్రాక్టరుకు ఇక్కడ ఆదరం కలగడానికి కారణాలు.

కాడి మారిన తీరు

పదిహేను మొదలు ముప్ఫై వరకు అశ్వశక్తి గల ట్రాక్టరును సాధారణంగా చిన్న ట్రాక్టరు అంటారు. అశ్వశక్తి అనే కొలమానాన్ని వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఆవిరి యంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్. ఒక అశ్వశక్తి 746 వాట్లకు సమానం. ఒక జత ఎడ్లు నిలకడగా చేసే పని దాదాపు ఒక అశ్వశక్తికి అటూ ఇటూగా ఉంటుంది. ఈ లెక్కన చిన్న ట్రాక్టరు కూడా పదిహేను జతల ఎడ్ల పెట్టు. నాలుగడుగుల వెడల్పు ఉన్న దారిలోనూ అది ఇముడుతుంది.

పాత కాడికి బదులుగా ట్రాక్టరు వెనుక మూడు దండాలు ఉంటాయి. కింది రెండూ చేతులవలె పనిముట్టును పట్టుకుంటే, పైది దానిని నిలదొక్కుకొనేటట్లు చేస్తుంది. ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన ఈ అమరిక 1936లో విపణిలోకి వచ్చిన ట్రాక్టరుతో ప్రపంచానికి పరిచయమైంది. మాసీ ఫెర్గూసన్ అనే పేరులో ఆయన పేరు నేటికీ వినిపిస్తున్నది. అంతకుముందు నాగలిని గొలుసుతోనో కొక్కెంతోనో ట్రాక్టరుకు తగిలించి ఈడ్చేవారు. కర్రు ఏ మోడుకో తగిలి ఆగిపోతే చక్రాలు ఆగక, ముందు భాగం పైకి లేచి, నడిపేవాని మీద ట్రాక్టరు తిరగబడేది. కొత్త అమరికలో నాగలికి తగిలిన ఎదురుదెబ్బను పైదండం ముందుకు నెట్టి, ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుతుంది. కాబట్టి ఇది సౌకర్యం మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా.

ఆ దండాల నడుమ నుండి బయటకు వచ్చే ఇరుసు మరొక ముఖ్యాంగం. దీనిని పి.టి.ఓ. అంటారు. ఇంజను బలాన్ని ఇది వెనుక తగిలించిన యంత్రానికి అందిస్తుంది. రోటోవేటరు, నీటి పంపు, మందు చల్లే యంత్రం, గడ్డి కోసే యంత్రం – అన్నీ దీనితోనే తిరుగుతాయి. ఎద్దు లాగగలదు, ఈ యంత్రం లాగడమే కాక తిప్పగలదు, ఎత్తగలదు. రైతు ఇంటి పనులలో దానికి చోటు దొరకడానికి కారణం ఇదే.

ఏడాది పొడవునా పని

మధ్య డెల్టాలో నాలుగెకరాల వరి చేను, ఎకరం కొబ్బరి తోట, ఒక పాక నిండా పశువులు ఉన్న రైతు ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంట చిన్న ట్రాక్టరుకు పని వేసవిలోనే మొదలవుతుంది. దాళ్వా మాసూళ్లు ముగియగానే పాక పక్కన ఏడాదిగా పేరుకున్న పెంటపోగును తొట్టికెత్తి పొలానికి తోలుతారు. పూర్వం ఈ ఎరువును మనుషులు తట్టలతో నెత్తిన మోసేవారు. లేదా ఎడ్లబండి మీద రోజుల తరబడి తోలేవారు. చిన్న ట్రాక్టరు ఆ పనిని కొద్ది పూటలలో ముగిస్తుంది. ఎరువు వెదజల్లిన తరువాత కల్టివేటరుతో వేసవి దుక్కి చేస్తారు. తిరగబడిన మట్టి ఎండకు మాగుతుంది. అందులో దాగిన పురుగుల గుడ్లు, కలుపు వేర్లు నశిస్తాయి.

ఆ నెలలలోనే ఇంటి చుట్టూ మెరక పనులు జరుగుతాయి. వరద తాకే డెల్టాలో ఇల్లు ఎత్తు మీద ఉండాలి. ఎండిన చెరువు మట్టిని అనుమతితో తెచ్చి, ట్రాక్టరు వెనుక బ్లేడు తగిలించి, వాకిటిలోను దొడ్డిలోను పరచి చదును చేస్తారు. వర్షాలకు గోతులు పడిన పుంతలో కంకర పోసి సరిచేసేది కూడా ఆ బ్లేడే. పడుచు పిల్లలు బడికి, పాలు కేంద్రానికి, రోగి ఆసుపత్రికి వెళ్లేది ఆ పుంత మీదుగానే కనుక ఈ పనిని స్వల్పంగా భావించరాదు.

తొలకరితో కాలువలకు నీరు వస్తుంది. ఆకుమడి సిద్ధమవుతుంది. తరువాత దమ్ము. నీరు పెట్టిన మడిలో దమ్ము చక్రాలు తగిలించిన ట్రాక్టరు మట్టిని చిలికి మెత్తని బురదగా మారుస్తుంది. ఆ బురద కింద గట్టిపడిన పొర నీరు భూమిలోకి ఇంకిపోకుండా కాపాడుతుంది. బరువైన ట్రాక్టరుతో దమ్ము చేస్తే మడి లోతుగా కుంగి, మనుషులు మోకాలి లోతులో దిగబడి ఊడ్చవలసి వస్తుంది. బరువు తక్కువైన చిన్న ట్రాక్టరు ఈ ఇబ్బందిని తగ్గిస్తుంది. నారుకట్టలను, ఎరువు బస్తాలను గట్టు వరకు చేర్చేది కూడా అదే.

కోతల కాలంలో పూర్వం కళ్లంలో పనలు పరచి ఎడ్ల చేత తొక్కించి కుప్ప నూర్చేవారు. తరువాత ఎడ్ల స్థానంలో ట్రాక్టరు కళ్లం చుట్టూ తిరిగింది. ఇప్పుడు వరికోత యంత్రాలు ఆ పనిని చాలావరకు తీసుకున్నాయి. అయినా ధాన్యం బస్తాలను ఇంటికి చేర్చడం, ఎండు గడ్డిని తెచ్చి మేటు వేయడానికి అందించడం చిన్న ట్రాక్టరు వంతే.

తోటలో, పాకలో

కొబ్బరి తోట ట్రాక్టరు నడపడంలో మెళకువను పరీక్షించే చోటు. చెట్టుకు చెట్టుకు నడుమ సుమారు ఎనిమిది మీటర్ల ఎడం ఉంటుంది. ఆ ఎడంలో అరటి, కోకో వంటి అంతర పంటలు వేస్తారు. మిగిలిన దారిలో పెద్ద ట్రాక్టరు మలుపు తిరగలేదు. చిన్న ట్రాక్టరు తిరుగుతుంది. కాని చెట్టు మొదటికి దగ్గరగా పోరాదు. కొబ్బరికి పీచువేర్లే తప్ప తల్లివేరు ఉండదు. ఆహారం తీసుకొనే వేర్లలో అధిక భాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపలే ఉంటాయి. కల్టివేటరు ఆ వలయంలోకి వెళితే వేర్లు తెగుతాయి. దాని ఫలితం ఆ రోజు కనిపించదు. తరువాత దింపులలో కాయ తగ్గినప్పుడు తెలుస్తుంది.

దింపు అయిన తరువాత చెట్ల కింద పడిన కాయలను పోగుచేసి తొట్టిలో రాశి వద్దకు చేరుస్తారు. రాలిన మట్టలను లాగి తెచ్చి, ముక్కలు చేసి, చెట్ల పాదులలో కప్పితే తేమ నిలుస్తుంది. క్రమంగా అదే ఎరువవుతుంది. ఇటీవలి సంవత్సరాలలో కోనసీమ తోటలను పీడించిన సర్పిలాకార తెల్లదోమను ఆకుల నుండి తొలగించడానికి నీటిని బలంగా కొట్టడం ఒక మార్గం. అంత ఎత్తున్న చెట్ల ఆకులకు నీరు అందించడానికి పి.టి.ఓ.తో నడిచే పంపు ఉపకరిస్తుంది. సాయంకాలం పాక దగ్గర పచ్చగడ్డిని ముక్కలు చేసే యంత్రాన్ని తిప్పేది కూడా ఈ ట్రాక్టరే.

ముంపు వేళ

డెల్టా రైతుకు నీరు తేవడం కంటే నీరు పోగొట్టడం కష్టం. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహా వరదను, 1996 నవంబరు 6న కోనసీమను కుదిపివేసిన పెనుతుఫానును ఇక్కడి పెద్దలు మరచిపోలేదు. 2022 జూలై వరద లంక గ్రామాలను మరల ముంచెత్తింది. అటువంటి వేళ చిన్న ట్రాక్టరుకు పంపు తగిలించి ఆకుమడిలో నిలిచిన నీటిని మురుగు కాలువలోకి తోడిపోస్తారు. లేతనారు కొద్ది రోజులు మునిగితే కుళ్లిపోతుంది. మరల విత్తనం, మరల దమ్ము, మరల అప్పు. గాలివానలకు పుంతకు అడ్డంగా కూలిన కొబ్బరి చెట్టును లాగి దారి తెరిచేది కూడా ఊరిలోని ట్రాక్టరే. ఆ సమయంలో అది ఒక ఇంటి సొత్తుగా కాక, ఊరందరి ఆసరాగా నిలుస్తుంది.

ఏమరుపాటు తగదు

ఇంత మేలు చేసే యంత్రం ఏమరుపాటును క్షమించదు. పి.టి.ఓ. ఇరుసు సాధారణంగా నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది సార్లు. పంచె అంచు, చీర కొంగు, మెడలోని కండువా దానికి చుట్టుకుంటే చేయి వెనుకకు తీసుకొనే వ్యవధి ఉండదు. అందుకే ఆ ఇరుసుపై తొడుగు ఉండాలి. ఇంజను ఆపిన తరువాతనే దగ్గరకు పోవాలి. కూలిన చెట్టును లాగేటప్పుడు తాడును కింది కొక్కేనికే కట్టాలి. ఎత్తున కడితే ముందు భాగం పైకి లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడుతుంది. కాలువ గట్టు అంచున నడిపేటప్పుడు నానిన మట్టి జారుతుందని గుర్తించాలి. ముచ్చటపడి పిల్లలను చక్రం పైనున్న రేకు మీద కూర్చోబెట్టుకోవడం, తొట్టిలో కూలీలను నింపి తీసుకుపోవడం ఎన్నో ఇళ్లలో దుఃఖానికి కారణమైన అలవాట్లు. రాత్రి వేళ తొట్టి వెనుక ఎర్రదీపం గాని, మెరిసే పట్టీ గాని లేకపోతే వెనుక వచ్చే వాహనదారుకు అది చీకటి గోడయే.

ఊరి ఆస్తి విషయంలోనూ జాగ్రత్త అవసరం. దమ్ము చక్రాలతో తారు రోడ్డు మీద నడిస్తే వాటి ఇనుప పట్టీలు రోడ్డును చీల్చివేస్తాయి. ఒక మడికి వెళ్లే తొందరలో పది ఊళ్ల దారిని పాడుచేయడం న్యాయం కాదు. చక్రాలను విప్పి, తొట్టిలో వేసుకుపోవడం కొంత శ్రమే. కాని ఆ శ్రమ పౌరధర్మంలో భాగం.

లాభనష్టాల తూనిక

యంత్రం వచ్చినప్పుడు ఎవరి భారం తగ్గింది, ఎవరి జీవిక తగ్గింది అనే రెండు ప్రశ్నలనూ కలిపి వేసుకోవాలి. ఎరువు తట్ట మోసిన తల ఈనాడు తేలికపడింది. ఆ తలకు ఆనాటి కూలి కూడా లేకుండా పోయింది. మరొకవైపు 2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలను బీడుగా విడిచి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం, ఖర్చులు పెరగడం, మురుగు కాలువలు పూడిపోవడంతో పాటు, అదనుకు కూలీలు దొరకకపోవడాన్ని కూడా వారు కారణంగా చూపారు. కూలి దొరకని రైతు, పని దొరకని కూలీ ఒకే ఊరిలో ఉండడం విచిత్రంగా తోచవచ్చు. కాని వ్యవసాయంలో పని ఏడాది అంతటా సమంగా ఉండదు. అందరికీ ఒకే వారంలో మనుషులు కావాలి. తరువాత నెలల తరబడి ఎవరికీ అక్కరలేదు.

ఎడ్లు తగ్గడం మరొక నష్టం. ట్రాక్టరు డీజిలు తాగుతుంది, పేడ వేయదు. ఎడ్లతో పాటు ఎరువూ తగ్గితే నేల సారం తగ్గుతుంది. అందుకే పాడి పశువులను నిలుపుకొన్న ఇంటనే చిన్న ట్రాక్టరు శోభిస్తుంది. పాక, పొలం, తోట అనే మూడింటి నడుమ అది వారధి కావాలి గాని, ఒకదానిని తొలగించి మరొకదానిని నిలపరాదు.

ఇక అప్పు విషయం. నాలుగెకరాల రైతు ఒక్కడే ట్రాక్టరు కొంటే సంవత్సరంలో ఎక్కువ రోజులు అది చెట్టు కింద నిలిచి ఉంటుంది. వాయిదా మాత్రం నిలవదు. పంట పోయిన ఏడు యంత్రమే ఇంటిని లాగివేస్తుంది. సొంత పొలం లేక భూమిని కౌలుకు చేసే రైతుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కాబట్టి నలుగురైదుగురు కలిసి కొనడం, గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం వివేకం. కేంద్ర ప్రభుత్వం 2014–15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో అద్దె యంత్ర కేంద్రాలకు ప్రోత్సాహం కల్పించడం ఈ ఆలోచనతోనే. పూర్వం మన పల్లెలలో బదులు సేద్యం ఉండేది. ఒకరి ఎడ్లు మరొకరి పొలంలో, ఆయన ఎడ్లు ఈయన పొలంలో పనిచేసేవి. ఆ పాత ఒప్పందానికి ఇది కొత్త రూపం.

ఏరువాక పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కాడికి పసుపు కుంకుమలు పెట్టడం మన ఆచారం. దసరా ఆయుధపూజలో ట్రాక్టరుకూ దండ పడుతున్నది. దండ వేయడం సులభమే. ఇరుసుకు తొడుగు వేయడం, రోడ్డెక్కే ముందు చక్రం విప్పడం, పొరుగువానికి అదనులో అద్దెకివ్వడం – ఇవి కూడా పూజలో భాగమని ఎరిగినప్పుడే ఈ కొత్త కాడి రైతు మెడకు బరువు కాకుండా ఉంటుంది.

కఠిన పదాలు – అర్థాలు

కమతం = ఒక రైతు సాగు చేసే భూమి
బోదె = పొలానికి నీరు పారే చిన్న కాలువ
పుంత = పొలాలకు, ఊళ్లకు పోయే మట్టి దారి
సార్వా, దాళ్వా = డెల్టాలో పండే మొదటి, రెండవ వరి పంటలు
దమ్ము = నీరు పెట్టిన మడిని బురదగా చేయడం
ఊడ్పు = వరినాట్లు వేయడం
మాసూళ్లు = పంట కోసి ఇంటికి చేర్చుకోవడం
మెరక = ఎత్తైన నేల
పనలు = కోసి పరచిన వరి దుబ్బులు
దింపు = కొబ్బరి కాయలను కోసి దించడం
వారధి = వంతెన

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చిన్న ట్రాక్టరు రైతు ఇంట ఏడాది పొడవునా చేసే పనులను వివరించండి.
2. వ్యవసాయ యాంత్రీకరణ వల్ల కలిగే లాభనష్టాలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఫెర్గూసన్ రూపొందించిన అమరిక ప్రాణరక్షణ ఎట్లా అయింది?
2. కొబ్బరి తోటలో ట్రాక్టరు నడిపేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త ఏమిటి? ఎందుకు?
3. కూలి దొరకని రైతు, పని దొరకని కూలీ ఒకే ఊరిలో ఉండడానికి కారణమేమి?

ఇ. క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఎద్దు లాగగలదు, ఈ యంత్రం లాగడమే కాక తిప్పగలదు, ఎత్తగలదు.
2. ట్రాక్టరు డీజిలు తాగుతుంది, పేడ వేయదు.
3. ఒక మడికి వెళ్లే తొందరలో పది ఊళ్ల దారిని పాడుచేయడం న్యాయం కాదు.

ఈ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘కృష్’ ధాతువుకు గల రెండర్థాలు ఏవి?
2. ధవళేశ్వరం ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయింది?
3. ఎం.టి.యు. 1010 వరి రకానికి గల మరొక పేరు ఏమిటి?
4. ఒక అశ్వశక్తి ఎన్ని వాట్లకు సమానం?

ఉ. సంధులు
నాలుగెకరాలు = నాలుగు + ఎకరాలు – ఉకార సంధి
అదనెరిగి = అదను + ఎరిగి – ఉకార సంధి
హలాయుధుడు = హల + ఆయుధుడు – సవర్ణదీర్ఘ సంధి
లోకోక్తి = లోక + ఉక్తి – గుణ సంధి

ఊ. సమాసాలు
హలాయుధుడు – హలము ఆయుధముగా గలవాడు – బహువ్రీహి సమాసం
గాలివానలు – గాలియు, వానయు – ద్వంద్వ సమాసం
నాలుగెకరాలు – నాలుగు సంఖ్య గల ఎకరాలు – ద్విగు సమాసం
చెరువు మట్టి – చెరువు యొక్క మట్టి – షష్ఠీ తత్పురుష సమాసం

ఋ. కృత్యం
మీ ఊరిలో గాని, సమీప గ్రామంలో గాని ఒక రైతును, ఒక వ్యవసాయ కూలీని కలుసుకొని, ట్రాక్టరు రాకకు ముందు, తరువాత వారి పనిలో వచ్చిన మార్పును అడిగి తెలుసుకోండి. ఇద్దరి మాటలనూ పక్కపక్కన రాసి తరగతిలో చదివి వినిపించండి.